ఏడింటి బోటు

మా ఇల్లు అండమాన్‌లోని హోప్ టౌన్‌లో, జెట్టీ నుంచి పది నిమిషాలు ఎక్కితే కొండ వెనక ఉంటుంది. పొద్దున్న ఏడింటికి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే బోటు హారన్ కొడితే మా వంటింట్లోకి వినిపిస్తుంది. మా నాన్న ఆ బోటుకి సరంగు. రిటైరయ్యేదాకా దాన్ని హార్బర్‌కి అటూ ఇటూ నడిపినవాడు ఆయనే. చుక్కాని పట్టుకునే ముందు, బోటుకీ జెట్టీకీ మధ్య వేసే పలక దగ్గర నిలబడేవాడు. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లల పాసులు చేతిలోకి తీసుకుని చూసి, "ఎక్కమ్మా, జాగర్త" అని ఒక్కొక్కరికీ చెప్పేవాడు. నిజానికి అది సరంగు చెయ్యాల్సిన పని కాదు. అయినా ఇంకెవరికీ వదిలేవాడు కాదు.

ఊళ్ళో అందరి ఆడపిల్లల్నీ కాలేజీకి దాటించిన మనిషి నన్ను మాత్రం దాటించలేదు.

నేను పన్నెండో తరగతి పాసైన ఏడాదే అమ్మ పోయింది. తమ్ముడు అప్పటికి ఐదో క్లాసు. కాలేజీలో సీటు వచ్చిందని చెబితే, నాన్న నా మొహం చూడకుండా, "ఒక్క ఏడాది ఆగమ్మా, ఆడు కొంచెం పెద్దోడవుతాడు" అన్నాడు. ఆగాను. ఏడాది రెండయింది. తర్వాత నా పెళ్ళయింది. కాలేజీ మాట నాన్నా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాతో చదివిన ముగ్గురు అమ్మాయిలు రోజూ మా ఇంటి ముందు నుంచే జెట్టీకి దిగేవాళ్ళు. ఏడింటి హారన్ మోగినప్పుడల్లా నా పప్పులో ఉప్పు ఎక్కువయ్యేది. నాన్న కిక్కురుమనకుండా తినేసేవాడు.

నాకు కోపం కాస్త ఎక్కువ. పైకి అరిచేస్తే పోయే రకం కాదు, ఊరగాయలా జాడీలో పెట్టి దాచుకునే రకం. ఈ ఒక్క కోపాన్నీ దాదాపు ఇరవై ఏళ్ళు దాచాను.

అది ఒక రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పుస్తకం ముట్టడం లేదని నేను సాధిస్తుంటే, "నువ్వు కాలేజీకే వెళ్ళలేదు కదా అమ్మా, నీకేం తెలుసు" అంది. నేను ఠక్కున, "మీ తాత వెళ్ళనివ్వలేదు, అడుగు" అన్నాను. నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆయన అప్పటికి రిటైరై మాతోనే ఉంటున్నాడు. మా ఆయన వండూర్ జెట్టీలో టూరిస్టు బోటు మీద పని చేస్తూ వారానికోసారి వస్తాడు కాబట్టి ఆ పూట ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. కాసేపటికి మా అమ్మాయి, ఏమీ జరగనట్టు, "అయితే ఇప్పుడు చేరు. ఆన్‌లైన్‌లో ఉంది" అంది.

మర్నాడు ఫారం కూడా తనే నింపింది. వైజాగ్ వైపు ఒక కాలేజీ, మూడేళ్ళ తెలుగు మీడియం బి.ఏ. పాఠాలు ఫోన్లో, శనివారం ఉదయం రెండు గంటలు లైవ్ క్లాసు, ఏడాది చివర పరీక్ష మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుని రాయాలి. చేరిన రోజు రాత్రి నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ పట్టుకుంది. ఇన్నాళ్ళూ చదువు లేదంటే నెపం వెయ్యడానికి నాన్న ఉన్నాడు. ఈసారి మధ్యలో మానేస్తే ఆ తప్పు పూర్తిగా నాదే అవుతుంది.

మొదటి ముద్దలోనే రాయి తగిలింది. కొండ వెనక ఇల్లు కదా, మా ఇంట్లో సిగ్నల్ చుట్టంచూపుగా వచ్చి పోతుంది. లెక్చరర్ గారు "కాబట్టి విద్యార్థులారా" అంటారు, ఆ తర్వాత ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోతారు. కాబట్టి ఏమిటో నాకు తెలియదు. పైగా నేను చదువుకున్నది హిందీ మీడియం. తెలుగు గలగలా మాట్లాడతానే గాని, తెలుగు పేజీ చూస్తే వత్తుల దగ్గర కాలు మడత పడేది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే నా మిషను మీద పుస్తకం ఆనించి, ఒక పేరా చదవడానికి ఒక చొక్కా కుట్టేంత సేపు తీసుకునేదాన్ని.

అయినా మొదటి అసైన్‌మెంట్ రాశాను. పదిహేను పేజీలు. ఆఖరి రోజు శనివారం. ఫొటోలు తీసి పంపాలి. శుక్రవారం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి పంపుదామనుకున్నాను. గురువారం గాలి లేచింది. హార్బర్‌లో తుఫాను హెచ్చరిక జెండా ఎక్కించారు, బోట్లు ఆపేశారు, కరెంటూ పోయింది. నేను నిశ్చింతగా ఎండుచేపలు వేయించుకుని తిని పడుకున్నాను.

ఇది మా దీవుల వాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని ధీమా. ఇక్కడ బోటు ఆగిందంటే అన్నీ ఆగుతాయి. బడి, ఆఫీసు, పెళ్ళి ముహూర్తం కూడా సముద్రం సద్దుమణిగేదాకా ఆగుతుంది. ఎందుకు రాలేదని ఎవరూ ఎవరినీ అడగరు. మళ్ళీ బోటు నడిచిన రోజున ఎక్కడ ఆపామో అక్కడి నుంచి మొదలెడతాం. కాలేజీ కూడా అంతే అనుకున్నాను. వాతావరణం బాగాలేదని వాళ్ళకీ తెలుస్తుంది కదా, ఆపి ఉంచుతారు అనుకున్నాను.

సోమవారం బోటు తీశారు. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద నిలబడి ఫోన్ తెరిస్తే, పంపే చోటు మూసేసి ఉంది. మా అమ్మాయి చేత మెయిలు రాయించాను. గాలి, జెండా, కరెంటు, అన్నీ వివరంగా. రెండు రోజులకి మర్యాదగా జవాబొచ్చింది. ప్రశ్నలు మూడు వారాల ముందే ఇచ్చామనీ, గడువు అందరికీ ఒకటేననీ. నా పదిహేను పేజీలకీ సున్నా వచ్చింది.

ఆ సాయంత్రం పుస్తకాలన్నీ గుడ్డ పీలికలు వేసే సంచిలో కుక్కి మానేస్తున్నానని చెప్పాను. నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు మండింది. "పద్దెనిమిదేళ్ళప్పుడు పంపుంటే నాకీ పాట్లుండేవా? ఊరందర్నీ దాటించావు నాన్నా. నన్నెందుకు దాటించలేదు?" అన్నాను. ఆయన లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక వచ్చాడు. సంచిలోంచి పుస్తకాలు తీసి ఒక్కొక్కటీ తుడిచి మిషను మీద పెట్టాడు.

"నువ్వు దీన్ని హార్బర్ బోటనుకున్నావు. ఇదిపోతే గంటకి ఇంకోటొస్తాది, గాలేస్తే ఆగుతాది అని," అన్నాడు. "ఇది మెయిన్‌ల్యాండ్ షిప్పమ్మా. నీ గురించి లంగరు దించుకుని కూకోదు. షిప్పుకెల్లేవోడు ముందురోజే మూట కట్టుకుంటాడు. శనివారం నాతో రా."

అంత పెద్ద మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఎక్కడికని అడగడానికి కూడా తోచలేదు.

శనివారం జెట్టీకి తీసుకెళ్ళాడు. బోటులో చుక్కాని గది వెనక ఒక బెంచీ ఉంటుంది, గాలి తగలదు, జల్లు పడదు. నన్నక్కడ కూర్చోబెట్టి ఫోన్ తియ్యమన్నాడు. బోటు జెట్టీ విడిచి కొండ నీడ దాటగానే ఫోన్లో గీతలన్నీ నిండాయి. ఎదురుగా పోర్ట్ బ్లెయిర్ టవర్లు. లెక్చరర్ గారు "కాబట్టి" అన్నారు, ఆ తర్వాత మాట కూడా వినిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అవతల దిగి జెట్టీలోనే కూర్చోవచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. "జెట్టీలో నీకు కుర్చీ ఎవుడేస్తాడు? బోటులో అయితే నాకు చోటుంది" అన్నాడు. అలా ప్రతి శనివారం, క్లాసు అయ్యేదాకా ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ తిరిగేవాళ్ళం. ఆయన నా పక్కన కూర్చుని, ఎవరైనా పలకరించబోతే చేత్తో ఆగమనేవాడు. పాత సరంగుకి టికెట్ ఎందుకని బోటు వాళ్ళు నవ్వినా, ప్రతి ట్రిప్పుకీ ఇద్దరికీ తీసేవాడు. ఒకసారి నేను మైకు ఆపడం మర్చిపోతే ఇంజను చప్పుడు క్లాసంతా వినిపించింది. అదేమిటని లెక్చరర్ గారు అడిగారు. బోటు సార్ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఫోన్ తిప్పి హార్బర్ చూపించాను. ఆ తర్వాతి వారం నుంచి ఆయన హాజరు తీసుకుంటూ, "బోటు మేడం వచ్చారా?" అని అడిగి గాని పాఠం మొదలుపెట్టేవారు కాదు.

తెలుగు కూడా నాన్న దగ్గరే గట్టిపడింది. ఆయన చదివింది ఐదో తరగతే. కాని చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు బడిలో దిద్దిన అక్షరం గట్టి అక్షరం. తిరుగు ట్రిప్పులో నేను పైకి చదివేదాన్ని, తడబడిన చోట ఆయన వేలు పెట్టి చూపించేవాడు. రాజ్యాంగం పాఠం ఆయనకి బాగా నచ్చింది. చరిత్రలో యుద్ధాలు వస్తే మాత్రం, ఇన్ని పడవలు ముంచుకోడానికి వీళ్ళకేటి పనిలేదా అని విసుక్కునేవాడు. ఈ నాలుగు ముక్కలూ నేనివాళ తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ బెంచీ మీద నేర్చుకున్నదే.

ముందురోజు మూట సూత్రం మా ఇంట్లో చట్టమైపోయింది. గడువు శనివారమైతే, నా కాగితాలు ఆ ముందు శనివారమే బోటులోంచి వెళ్ళిపోయేవి. యూనిఫారాల కుట్టుపని ఎక్కువుండే జూన్ నెలకి పాఠాలు మే నెలలోనే చదువుకునేదాన్ని. నేను బద్ధకించిన రోజున నాన్న తిట్టేవాడు కాదు. "షిప్పు టైమేటి?" అని అడిగి ఊరుకునేవాడు. తిట్టినా బాగుండేది. మొదటి ఏడాది పరీక్షలకి ముందురోజే వెళ్ళి పోర్ట్ బ్లెయిర్ దగ్గర బ్రూక్షాబాద్‌లో పిన్ని ఇంట్లో పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే వాన, బోట్లు లేవు. నేను అరగంట ముందే పరీక్ష బల్ల దగ్గర ఉన్నాను. సున్నా వచ్చిన అసైన్‌మెంట్ కూడా ఆ ఏడాదే మళ్ళీ ఫీజు కట్టి రాసి, గట్టెక్కాను.

అలా మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళలోనూ, ఆ సాయంత్రం నేనడిగిన దానికి నాన్న జవాబు చెప్పలేదు. నేను మళ్ళీ అడగనూ లేదు. ఇన్నిసార్లు నాతో హార్బర్ దాటిన మనిషిని ఇంకేం అడుగుతాను? అయినా ఎక్కడో ఒక మూల జాడీ అడుగున కాస్త మిగిలే ఉంది. అబద్ధం చెప్పను.

ఆఖరి ఏడాది పరీక్షలకి ఏడింటి బోటుకి బయల్దేరాం. అలవాటు ప్రకారం ముందురోజే. నాన్న ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. టికెట్ కౌంటర్ దగ్గరికి వెళ్ళి, నా కాలేజీ కార్డు నా సంచిలోంచి తానే తీసి లోపలికి పెట్టి, స్టూడెంట్ పాసు కావాలన్నాడు. నాకు సిగ్గేసింది. ముప్పై ఎనిమిదేళ్ళు, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు, నాకు స్టూడెంట్ పాసా. వెనక లైనులో ఎవరో నవ్వారు. వద్దు నాన్నా అని చొక్కా పట్టుకుని లాగాను. కదల్లేదు.

కౌంటర్లో గుమాస్తా నా వయసు మనిషే. కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాచా, ఇది ఆన్‌లైన్ హై నా. వీళ్ళకి పాస్ రాదు. రోజూ బోటెక్కి కాలేజీకి వెళ్ళేవాళ్ళకే" అన్నాడు.

"మూడేళ్ళు శనివారం శనివారం టికెట్లిచ్చినోడివి నువ్వే కదా బాబూ. నా కూతురి కాలేజీ ఈ బోటే," అన్నాడు నాన్న. అక్కడితో ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. గుమాస్తా వైపే చూస్తూ, కాని నాకు వినిపించేలా అన్నాడు. "ఇది ఇరవై ఏళ్ళ కిందట తియ్యాల్సిన పాసు. ఒక్క ఏడాది అన్నాను. ఆ తరవాత అడగడానికి దీని మొకం చూళ్ళేకపోయాను. తప్పు నాది. అందుకే ఇయ్యాల నానే తీస్తన్నాను."

లైనులో నవ్వు ఆగిపోయింది. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను, కళ్ళు నిండిపోయి చెప్పులూ కనబడలేదు.

పాసు ఇవ్వడానికి రూలు లేదని గుమాస్తా మళ్ళీ మెల్లిగా చెప్పాడు. మామూలు టికెట్లే రెండు చింపాడు. తర్వాత ఏమనుకున్నాడో, నా టికెట్ వెనక్కి తిప్పి, స్టూడెంట్ అని హిందీలో రాసి, దాని మీద ఆఫీసు ముద్ర కొట్టి ఇచ్చాడు. "ఇంతే చెయ్యగలను, చాచా" అన్నాడు.

నాన్న రెండు టికెట్లూ అందుకుని, నాది నా చేతిలో పెట్టి గబగబా ముందు నడిచాడు. నేను పుస్తకాల సంచి సర్దుకుని జెట్టీ చివరికి వెళ్ళేసరికి ఆయన పలక పక్కన, పూర్వం నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. ఇప్పటి సరంగు పై నుంచి చూసి, ఆ చోటు ఆయనకే వదిలేశాడు. నాన్న చెయ్యి చాపాడు. టికెట్ ఇచ్చాను. ముందు వైపు చూశాడు, వెనక్కి తిప్పి ముద్ర చూశాడు, తిరిగి నా చేతికిచ్చాడు.

"ఎక్కమ్మా, జాగర్త" అన్నాడు.

ఎక్కాను. బోటు హారన్ కొట్టింది.