తోడల్లుడి పాఠం

ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తాడు. ఆరాక గులాబిరంగు మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. గది ఇరుకు. అరల నిండా తెల్లటి దవడలు. వీధిలో అందరికీ ఆయన పళ్ళాయన.

ఆదివారం పొద్దున మాత్రం గోల్ఫ్. ఊరి చివర మునిసిపాలిటీ మైదానం ఉంది. ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇతరులు ఆడుతుంటే చూసి, తనంతట తానే కర్ర తిప్పడం పట్టుకున్నాడు. ఆయన కొట్టిన బంతి కాస్త ఎడమకు వంగేది. ఆ సంగతి తెలుసు గనక కుడికి గురిపెట్టేవాడు. బంతి తిరిగొచ్చి పచ్చిక నడుమ పడేది. ఏటా పక్క ఊరి క్లబ్బుతో జంటల పోటీ జరుగుతుంది. అందులో ఈ ఊరి జట్టు కెప్టెన్ పక్కన ఆడేది ఆయనే. బతుకులో ఆయనకు దక్కిన పెద్దరికం అదొక్కటే.

తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, లిఫ్టులు బాగుచేస్తాడు. అతన్ని మైదానానికి తెచ్చింది పళ్ళాయనే. అతని బంతి ఎప్పుడూ కుడివైపు పొదల్లోకి పోయేది.

"తమ్ముడూ, నీ బంతికి పుట్టింటి మీద బెంగ. ఆ పొదల్లోకే పోతుంది," అనేవాడు పళ్ళాయన. అని, వెతకడానికి తనూ దిగేవాడు. ఆ రోజుల్లో అతనంటే ప్రాణం.

ఆ వేసవిలో తోడల్లుడు కోచ్ దగ్గర చేరాడు.

"నేర్పితే వచ్చేదా ఆట? ఒంట్లో ఉండాలి," అన్నాడు పళ్ళాయన.

"ఉందో లేదో వెతికి చెప్పమన్నా అన్నయ్యా," అని నవ్వాడు తోడల్లుడు.

వెతికినవాడికి దొరికింది. వానలు పడేసరికి తోడల్లుడి బంతి తిన్నగా పోవడం మొదలుపెట్టింది. పొదల్లోకి దిగే పని ఇద్దరికీ తప్పింది. పళ్ళాయనకు అది బాగోలేదు.

ఒకరోజు కెప్టెన్ ఇద్దర్నీ పిలిచాడు. "ఈసారి నా పక్కన ఎవరో తేలాలి. నెలాఖరున మీరిద్దరూ ఒక ఆట ఆడండి. గెలిచినవాళ్ళే నాతో వచ్చేది."

పళ్ళాయన ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు.

"కళ్ళల్లో నిప్పులు పోసుకోకండి," అంది భార్య. "మీరూ వెళ్ళి నేర్చుకోరాదూ?"

"నేనా? వాడికి కర్ర పట్టుకోవడం చూపించినవాణ్ణి. వాడి పంతులు ముందు చేతులు కట్టుకుని నిలబడాలా?"

నిలబడలేదు. నక్కాడు. మైదానం పక్కన వల కట్టిన చోట పాఠాలు జరుగుతాయి. వల వెనక బంతులు కడిగే రేకుల షెడ్డు ఉంది. తోడల్లుడి పాఠం ఉన్న సాయంత్రాల్లో పళ్ళాయన ఆ షెడ్డులో నిలబడి చెవి ఒగ్గాడు.

"ఎడమ చెయ్యి ఇంకా కుడికి తిప్పి పట్టండి. పైనుంచి చూస్తే మూడు మెటికలు కనబడాలి. బంతికి తగిలేటప్పుడు మణికట్టు దొర్లనివ్వండి," అంటున్నాడు కోచ్.

అదీ కిటుకు. పళ్ళాయన దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ప్లాస్టర్ ఆరేలోగా చీపురుకట్ట పట్టుకుని మెటికలు చూసుకునేవాడు. తన విద్యకు వాడి విద్య కూడా తోడైతే ఇక ఎదురేముంది?

ఆట రోజు మబ్బు పట్టి ఉంది. ఎడమన చెరువు. పళ్ళాయన మూడు మెటికలూ చూసుకుని, మణికట్టు దొర్లించి కొట్టాడు. బంతి ఎప్పటిలా కాస్త వంగి ఊరుకోలేదు. పూర్తిగా వంగి నీళ్ళలో పడింది. ఇంకా తిప్పి పట్టాడు. ఇంకా వంగింది.

"అన్నయ్యా, పట్టు ఏదో మారినట్టుంది," అన్నాడు తోడల్లుడు మెల్లగా.

"నీ ఆట నువ్వు చూసుకో."

తోడల్లుడి మాటలో జాలి వినబడింది పళ్ళాయనకు. ఓటమి కంటే అది ఎక్కువ కాల్చింది. ఆట సగంలోనే ఫలితం తేలిపోయింది. కెప్టెన్ తోడల్లుడి చెయ్యి పట్టుకుని ఊపుతుంటే పళ్ళాయన గట్టున నిలబడి నీళ్ళకేసి చూశాడు.

మర్నాడు కోచ్ దగ్గరికి వెళ్ళాడు. కోచ్ ఒక్క దెబ్బ చూశాడు.

"ఈ పట్టు ఎవరు చెప్పారు మీకు?"

పళ్ళాయన కర్ర పిడి తుడిచాడు.

"బంతి కుడికి పోయేవాళ్ళకు చెప్పేదిది. మీది ముందే ఎడమకు పోతుంది. ఇంకా తోశారు."

భార్యకు చెప్పక తప్పలేదు. ఆవిడ గోడకు చేరగిలబడి నవ్వింది. "పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. ఒకరి పళ్ళు ఇంకొకరి నోటికి పట్టవని ఊరంతటికీ చెప్పే మనిషి!"

పాఠాలు సాగాయి. మొదట ఆట పాడయింది, తర్వాత బాగుపడింది. నేర్పితే వస్తుందని తెలిసింది. తనకంటే ముందు వాడికి తెలిసిందన్న మంట మాత్రం తగ్గలేదు. పోటీలో కెప్టెన్, తోడల్లుడు గెలిచారు. పళ్ళాయన అభినందనలు చెప్పాడు.

ఒక సాయంత్రం పళ్ళాయన పాఠంలో ఉండగా తోడల్లుడు తన వంతు కోసం వచ్చి, వల అవతల బల్ల మీద కూర్చున్నాడు.

"ఎడమ చెయ్యి వెనక్కి తిప్పండి. ఒక్క మెటికే కనబడాలి," అన్నాడు కోచ్.

"ఏమిటీ? గట్టిగా చెప్పండి. ఈ చెవి సరిగా వినబడదు."

కోచ్ గొంతు పెంచాడు. పళ్ళాయన ఓరగా బల్లకేసి చూశాడు. వినాలి వాడు. విని, తనలాగే ఇంటికి పట్టుకుపోవాలి. వాడి బంతి మళ్ళీ పొదల్లోకి పోవాలి.

"అన్నయ్యా, రోడ్డు దాకా వినబడుతోంది. మీకింకా చాలలేదా?" అని తోడల్లుడు లేచాడు. "మీ పాఠం మీరు వినండి. నేనలా తిరిగొస్తా." చేతులు వెనక్కి కట్టుకుని, గేటు వైపు వెళ్ళిపోయాడు.

పళ్ళాయన కొట్టాడు. బంతి తిన్నగా, చాలా దూరం పోయింది. చూడాల్సినవాడు వెనక్కి తిరగలేదు.