హఫీజ్‌పేట్ షెడ్డులో సముద్రపు పడవ

ప్రభుదాసు చెమటోడ్చి సాధించిన మొదటి గెలుపు ఒక నీళ్ల ట్యాంకు. బోరబండ గుట్ట మీద ఒక మేడ నెత్తిన ఉన్న ఫైబర్ ట్యాంకు అది. నెర్రె విచ్చి గోడలన్నీ తడిపేస్తుంటే, చూసిన ప్రతి మేస్త్రీ దాన్ని పారేసి కొత్తది పెట్టుకోమన్నాడు. ప్రభుదాసు అప్పుడప్పుడే ఉప్పాడ తీరం నుంచి పట్నం వచ్చాడు. చేతిలో పని లేదు, నోటికి పట్నపు మాట రాదు. అతను ట్యాంకు లోపలికి దిగాడు. ఫైబర్‌కు పూసే రెజిన్ జిగురు ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నా పైకి రాకుండా, లోపలివైపు నుంచి పొర మీద పొర వేసి నెర్రెను మూశాడు. పైకొచ్చాక నిలబడలేక మెట్ల మీద కూలబడ్డాడు. ఆ ఇంటికి తర్వాత యజమానులు మారారు, రంగులు మారాయి. ట్యాంకు మాత్రం నేటికీ చుక్క కారదు.

ఆ తర్వాత అతను చేసినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. కొండాపూర్ నుంచి కోకాపేట దాకా ఎన్ని అపార్టుమెంట్ల ఈతకొలనుల్లో పిల్లలు కేరింతలు కొడుతూ జారుడుబల్లల మీద జారుతున్నారో, అన్నిచోట్లా ప్రభుదాసు చేతి నునుపు ఉంది. ఐటీ ఆఫీసుల గేట్ల దగ్గర సెక్యూరిటీవాళ్లు ఎండకూ వానకూ తలదాచుకునే గదులు అతను పోసినవే. ఖాజాగూడలో ఒక బడికి తొండంలోంచి నీళ్లు చిమ్మే ఏనుగును చేసిచ్చాడు. దాని చెవులు చూసి ఇద్దరు బిల్డర్లు మాకూ కావాలని వెంటపడ్డారు. చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి. వేలు పెట్టి నిమిరితే పొర కింద గాలి బుడగ ఎక్కడుందో చెప్పగలడు.

అతను పనిచేసే షెడ్డు హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వెనకాల ఉంది. యజమాని వెంకటరమణ కడప మనిషి. స్థలాల వ్యాపారం చేస్తూ ఈ షెడ్డునూ నడుపుతున్నాడు. ప్రభుదాసు అంటే గురి, ఆటపట్టించడమంటే సరదా.

పోయిన చలికాలంలో మాదాపూర్‌లో ఒక చేపల హోటలు మూతపడింది. దాని ముందు అలంకారానికి ఒక నిజమైన ఫైబర్ పడవను పెట్టారు. ఒకప్పుడు సముద్రంలో వేటాడిన పడవ. దాని పొట్టలో ఐసు పోసి పీతలు, కొరమేనులు పరిచేవారు. మనుషులు నడిచి వెళ్లడానికి అమరం మొత్తం కోసేసి మెట్లు కట్టారు. అమరమంటే పడవ వెనక భాగం, ఇంజను బిగించేది అక్కడే. బల్బుల తీగల కోసం పక్కల నిండా బెజ్జాలు పొడిచారు. హోటలు సామాను వేలానికి వెళ్తే ఆ పడవను ఎవరూ అడగలేదు. ప్రభుదాసు అడిగి తెచ్చుకున్నాడు.

అది ట్రాలీ మీద షెడ్డుకు రాగానే వెంకటరమణ చుట్టూ తిరిగి చూశాడు.

“ఏమప్పా ప్రభూ, సముద్రం యేమన్నా లోకల్ రైలెక్కి హఫీజ్‌పేట్‌కు వస్తాండాదా?”

“అది రాదు సార్. ఇదే వెళ్తది.”

“యాడికి?”

“మా బామ్మర్ది దగ్గరికి.”

బావమరిది ఇమ్మాన్యుయేలు ప్రభుదాసు భార్య రెబెక్కాకు తమ్ముడు. రెబెక్కా ప్రభుదాసుకు మేనమామ కూతురే కనుక అక్కాతమ్ముళ్లు ఇద్దరూ అతన్ని చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తారు. పోయినేడు తుపానులో ఇమ్మాన్యుయేలు పడవను అలలు ఒడ్డున పేర్చిన బండరాళ్లకేసి కొట్టి ముక్కలు చేశాయి. అప్పటి నుంచి వాళ్లవీ వీళ్లవీ పడవలెక్కి కూలికి వల లాగుతున్నాడు. చివరికి విసిగి, హైటెక్ సిటీలో సెక్యూరిటీ గార్డుగా చేరతానని ఒక ఏజెన్సీకి మాటిచ్చాడు. వేట నిషేధం ముగిసే జూన్ పద్నాలుగు దాకా చూస్తానని, అప్పటికి పడవ దక్కకపోతే పదిహేను పొద్దున యూనిఫాం వేసుకుంటానని ఫోన్లో చెప్పాడు.

గార్డు పని తప్పుపని కాదు. కానీ ఇమ్మాన్యుయేలు నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పే మనిషి. తను పోసిన గదిలో అతను నిలబడి కార్లకు గేటు తీయడం ప్రభుదాసు ఊహించుకోలేకపోయాడు. “పడవ నేను నిలబెడతాను. నువ్వక్కడే ఉండు,” అని మాటిచ్చేశాడు.

మాట ఇచ్చాక పని ఎంతో తెలిసింది. షెడ్డు పనులు ముగిశాక సాయంత్రాలూ, చర్చి నుంచి వచ్చాక ఆదివారాలూ పడవకే పోయాయి. హోటలువాళ్లు పూసిన రంగు గీకితే కింద ఇంకో రంగు, దాని కింద ఎండకు పెళుసెక్కిన పొర. కుళ్లిన చెక్కను తవ్వి తీశాడు. బెజ్జాలను ఒక్కొక్కటిగా లోపలా బయటా మూశాడు. అమరం పోత మళ్లీ మొదటి నుంచీ పోశాడు. మే నెల ఎండకు రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టేస్తుంటే, తెల్లవారుజామున లేచి ఎండెక్కేలోపు పొరలు వేశాడు. తీరంలో అతని తండ్రి పడవలకు తారు పూసిందీ ఆ వేళలోనే.

నెర్రెలు తెలియాలంటే పడవ నిండా నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమరుస్తుందో చూడాలి. నడివేసవిలో ఆ వీధిలో నీళ్లంటే ట్యాంకరే. ట్యాంకరు గొట్టం పడవలోకి వదిలేసరికి పక్కింటి అంజమ్మ బకెట్టు పట్టుకుని వచ్చి నిలబడింది.

“ఏందన్నా గిదీ? నీళ్లు లేక మేం పరేషాన్ అయితుంటే నువ్వు పడవకు తాపుతున్నవా?”

“తాపడం కాదమ్మా, పరీక్ష. అయిపోగానే మీకే ఇస్తాను. తాగొద్దు, ఇల్లు కడుక్కోండి.”

“పడవల నీళ్లతోని ఇల్లు కడుగుడు మా అత్త గూడ చేయలే. ఇగ జల్ది కానీయ్.”

వీధి ఆడవాళ్లంతా బకెట్లతో చుట్టూ చేరి పడవ అడుగునే చూస్తూ కూర్చున్నారు. ఎక్కడా చుక్క రాలేదు. “గట్టిగనే చేసినవ్ పో,” అని మొదటి బకెట్టు ముంచుకుంది అంజమ్మ.

ఆ వారమే ప్రభుదాసు లోపలి పూత ముగించాడు. లేత నీలం రంగు. వంగి చూస్తే ముఖం కనిపించేటంత నునుపు. ఎక్కడా గీత లేదు, బుడగ లేదు. ఇన్నేళ్లలో తన చేతి నుంచి ఇంత అందమైన పని రాలేదని అతనికే అనిపించింది. వెంకటరమణ అయితే వచ్చిన ప్రతి బిల్డరునూ పడవ దగ్గరికి తీసుకెళ్లి, “సూడండి సార్, మా పనితనం. అద్దమే,” అని చూపించాడు.

జూన్ మొదటి వారంలో ఇమ్మాన్యుయేలు ఏజెన్సీలో యూనిఫాం కొలతలిచ్చి, తిన్నగా షెడ్డుకు వచ్చాడు. రెబెక్కా అన్నం క్యారేజీతో వచ్చింది. అతను పడవ చుట్టూ తిరిగి అమరం మీద చరిచి చూశాడు. ముక్కు దగ్గర వంగి ఒంపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికెక్కి, “కాసిన్ని నీళ్లు పొయ్యి బావా,” అన్నాడు. ప్రభుదాసు బకెట్టుతో కుమ్మరించాడు. ఇమ్మాన్యుయేలు వల లాగే మనిషిలా కాలు ముందుకేసి ఒళ్లు వెనక్కి వాల్చాడో లేదో, ఆ కాలు జర్రున జారి ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి పడ్డాడు.

పడ్డచోటే కూర్చుని అన్నాడు. “ఏటి బావా, ఇందులో వల లాగాలా, పిల్లల్ని తెచ్చి ఆడించాలా?”

రెబెక్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. “జారుడుబల్లలు చేసీ చేసీ ఈ బావ చెయ్యి అలాగైపోయిందిరా తమ్ముడూ. మన నాన్న పడవలో అడుగు ఎంత గరుగ్గా ఉండేది.”

ప్రభుదాసు ముఖం చిన్నబోయింది. పడవ మీద పుట్టి పెరిగినవాడికి తెలియని సంగతి కాదది. తడిసిన పడవలో చేప జిగురు మీద ఉత్త పాదాలతో నిలబడాలి. నునుపుంటే మనిషి నీళ్లలో ఉంటాడు. ఇన్నేళ్లూ పట్నం మెచ్చుకున్న నునుపు చేతికి అలవాటై, చెయ్యి తన దారిన తను పోయింది.

“ఇదేంది ప్రభూ, పాడుచేస్తావా యేంది?” అని వెంకటరమణ అడ్డం వచ్చేసరికి ప్రభుదాసు చేతిలో గ్రైండరు తిరుగుతోంది.

“పాడు చెయ్యట్లేదు సార్. పడవ చేస్తున్నా.”

అద్దంలాంటి ఆ పూతను తన చేత్తోనే గరుకు చేశాడు. ఇప్పుడు దాని మీద పలచగా రెజిన్ పూసి, ఆరకముందే ఇసుక చల్లాలి. చుట్టూ ఎన్ని భవనాలు లేస్తున్నా అక్కడున్నదంతా బండలు పిండిచేసిన క్రషర్ ఇసుకే. రెబెక్కా దాన్ని అరచేతిలో నలిపి పారబోసింది. “ఇది కాళ్లు కోసేత్తది. ఏట్లోని ఇసుక కావాలి.” పాత మేడకు పూతపని చేస్తున్న ఒక మేస్త్రీ దగ్గర గోనెసంచిలో కొంచెం దొరికింది. రెబెక్కా దాన్ని కడిగి, ఆరబెట్టి, తన పిండి జల్లెడతో జల్లించింది. మర్నాడు తెల్లవారుజామున ప్రభుదాసు రెజిన్ పూస్తూ వెనక్కి జరుగుతుంటే, ఆమె ముగ్గు వేసినట్టు చేతివేళ్ల మధ్య నుంచి ఇసుక వదులుతూ వెనకే జరిగింది.

పూత ఆరాక ఇమ్మాన్యుయేలు మళ్లీ ఎక్కాడు. ఈసారి నీళ్లు తనే పోసుకున్నాడు. తాడు ఒక కొస ప్రభుదాసుకిచ్చి, “లాగు,” అన్నాడు. ప్రభుదాసు పడవ బయట నిలబడి బలంకొద్దీ లాగాడు. ఇమ్మాన్యుయేలు పాదం కదల్లేదు. వెంకటరమణ కూడా వచ్చి తాడు పట్టుకున్నాడు. అయినా కదల్లేదు.

ఇమ్మాన్యుయేలు తాడు వదిలేసి, పడవ అంచు మీద కూర్చున్నాడు. అరికాలు తిప్పి చూసుకున్నాడు. ఫోన్ తీసి ప్రభుదాసుకు అందించాడు.

“ఏజెన్సీవోడికి నువ్వే చెప్పు బావా. నాకు మొహమాటంగా ఉంది.”

“ఏం చెప్పమంటావు?”

“ఇమ్మాన్యుయేలుకి పడవుందని చెప్పు.”

ప్రభుదాసు నంబరు నొక్కి, ఆ మాటే చెప్పాడు. అవతలివాడు కొలతలు తీసిన యూనిఫాం గురించి ఏదో అంటున్నాడు. రెబెక్కా పడవ ముక్కు మీద చెయ్యి వేసి పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

జూన్ పన్నెండున పడవ లారీ ఎక్కింది. వీధిలో కరెంటు తీగల కింద ఆగినప్పుడు అంజమ్మ ఇంటి మీది నుంచి వెదురుకర్ర చాచి తీగను పైకెత్తి పట్టింది. “సముద్రానికి మా హఫీజ్‌పేట్ నీళ్లు తాగినవని చెప్పు,” అని పడవతోనే అన్నది.

ప్రభుదాసు లారీ ముందు సీట్లో, ఇమ్మాన్యుయేలు పక్కన కూర్చున్నాడు. వాళ్ల పల్లెలో పడవ బాగుచేసినవాడు మొదటి వేటకు ఎక్కి తీరాలి. తన పని మీద తనకు నమ్మకం ఉందని అందరికీ చూపించాలి. పదిహేను వేకువన పడవ అలలు దాటుతుంది. ఆ వారం పడిన మొదటి చేపలను ప్రథమఫలంగా ఆదివారం చర్చిలో దేవునికి అర్పించాలి. అంతదాకా బావ కదలడానికి వీల్లేదని ఇమ్మాన్యుయేలు షరతు పెట్టాడు. వెంకటరమణ కూడా గొణుక్కోకుండా సెలవిచ్చాడు. ఎవరైనా షెడ్డుకు వచ్చి ప్రభుదాసు ఏడని అడిగితే, “వేటకు పోయినాడప్పా,” అని కాస్త గొప్పగానే చెబుతున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక కాకినాడలో రాత్రి రైలెక్కి, ప్రభుదాసు లింగంపల్లిలో దిగేది జూన్ ఇరవై రెండు, సోమవారం పొద్దున.