అత్తయ్య నడిచిన నడక

మా మామయ్య కత్తులకూ కత్తెరలకూ సానపడతాడు. మెట్లకింద ఇరుకు గది ఆయన దుకాణం. కాలితో తొక్కే పెద్ద చక్రం, దాని నుంచి సానరాయిని తిప్పే తోలు బెల్టు, గోడకు దర్జీల కత్తెరలు. ఆయన మోకాలు పట్టేస్తే అత్తయ్య తొక్కేది. ఆమె నడుము పట్టేస్తే ఆయన అంట్లు తోమేవాడు. ఒకరి పని ఒకరు చేసిపెట్టడం వాళ్ల కాపురంలో మొదటి నుంచీ ఉన్నదే.

మామయ్యకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి, మందులెక్కించడం కూడా పూర్తయ్యాక అత్తయ్య ఆయన్ను మంచం దిగనివ్వలేదు. తోలు బెల్టు మాయమైంది. "దుకాణం మాట ఎత్తారో, నా మీద ఒట్టే" అనేది. ఆయన చేసేది లేక దిండు గట్టిగా ఉందని సణిగేవాడు.

ఆసుపత్రివాళ్లు చేతికి కట్టుకోమని అడుగులు లెక్కపెట్టే వాచీ ఒకటి ఇచ్చారు. రోజూ నడవమన్నారు. కొన్నాళ్లకు రక్తం తీసి చూస్తామన్నారు. ఆ ఫలితాల రోజున నేనూ తోడు వెళ్లాను. వరండా దాటి డాక్టరమ్మ గదిలోకి వచ్చేసరికే మామయ్యకు ఆయాసం వచ్చింది.

డాక్టరమ్మ వాచీని కంప్యూటరుకు తగిలించి, "భేష్! కుర్రాళ్లు కూడా ఇంత నడవరు" అంది. మామయ్య తెల్లబోయి అత్తయ్యకేసి చూశాడు. రక్తపరీక్ష చూడగానే డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఇనుముకు తుప్పు పట్టినట్టు ఆక్సిజన్ వల్ల ఒంట్లో కణాలకూ దెబ్బ తగులుతుంది. మీకది తగ్గకపోగా పెరిగింది. ఇంత నడిచే మనిషికి ఈ ఆయాసమేంటి? జబ్బు తిరగబెట్టిందేమో, స్కాన్ తీయించాలి."

మామయ్య చెయ్యి కుర్చీ అంచును పట్టుకుంది.

"ఆ నడక నాదండీ!" అంది అత్తయ్య.

మామయ్య గిర్రున ఆమెవైపు తిరిగాడు.

"వాచీ చార్జింగులో ఉందన్నావు కదే?" అన్నాడు.

"పెట్టేదాన్ని, ఇంటికొచ్చాక." అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కోత పడిన మనిషి ఏం నడుస్తాడని నేనే కట్టుకుని తిరిగానమ్మా. ఇన్నేళ్లూ ఆయన పని నేను చెయ్యలేదూ? ఇదీ అంతే అనుకున్నా."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మాత్రలు కూడా మీరే మింగుతున్నారా తల్లీ? నడిస్తే ఆ దెబ్బను తట్టుకునే శక్తి పెరుగుతుందేమోనని చూస్తున్నాం. పడుకోబెడితే ఉన్న కండ కాస్తా కరిగిపోతుంది. ముందు ఆయన్ను నడవనివ్వండి. మళ్లీ రక్తం చూశాక స్కాన్ సంగతి తేలుద్దాం."

బయటికి వస్తుంటే అత్తయ్య అలవాటుగా రెక్క పట్టుకోబోయింది. మామయ్య విదిలించుకున్నాడు. గోడ పట్టుకుని, ఆగి ఆగి వరండా అంతా తనే నడిచాడు. వెనక అత్తయ్య ఖాళీ చేతులతో నడిచింది.

ఇంటికి రాగానే ఆమె మంచం దగ్గరికి వెళ్లి ఆయన దిండు గలీబు విప్పింది. లోపల చుట్టగా చుట్టిన తోలు బెల్టు.

"ఓసి నీ అసాధ్యం కూలా!" అన్నాడు మామయ్య, మంచం మీద కూర్చోబోయినవాడల్లా మళ్లీ లేచి నిలబడి. "ఇన్నాళ్లూ నా తలకిందే ఉందా!"