ముసురులో ఎర్ర రజాయి

మా బెర్లిన్‌లో ఎండ కాస్తే చాలు, ప్రతి ఇల్లాలూ ఈకల రజాయిలు కిటికీలో వేలాడేసి ఆరబెడుతుంది. ముసురు పడుతుంటే మాత్రం ఎవతీ ఆ పని చెయ్యదు. ఈకలు తడిశాయంటే వారం రోజులు ఇల్లంతా కంపు. అలాంటిది ఆ రోజు పొద్దున్నే హెర్మీన తన ఎర్ర రజాయిని వానలో కిటికీకి వేస్తే నేను ఊరుకోగలనా? పక్క కిటికీలోంచి వీధంతా వినబడేలా కేకేశాను.

"ఏమే హెర్మీనా, మతి పోయిందా? వానలో రజాయి ఆరబెడతావేంటే?"

నోరా వీపుకు తేకే అని ఊరికే అన్నారా! ఆ ఒక్క కేక నన్ను ఇరవయ్యేళ్లు కాల్చుకు తింది.

హెర్మీనది నా పక్క వాటా. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. మా ఇద్దరి వంటింటి కిటికీలూ ఊరిని తూర్పు, పడమరలుగా చీల్చిన గోడ వైపే. గోడకవతల పడమటివాళ్లు ఇటు చూడ్డానికో చెక్క మంచె కట్టుకున్నారు. ఆదివారాలు, అటుపక్కే ఉండిపోయిన హెర్మీన చెల్లెలు ఎల్‌ఫ్రీడె ముసలి తల్లిని చెయ్యి పట్టి ఆ మంచె ఎక్కించేది. ఇటునుంచి మేం చెయ్యి ఊపితే నేరం. అందుకని హెర్మీన మసిగుడ్డ దులిపేది, అటు తల్లి గొడుగు తెరిచి మూసేది. కూతవేటు దూరంలో ఉన్న కన్నతల్లిని మసిగుడ్డతో పలకరించాలి. థూ, అదీ ఒక బతుకేనా!

ఆ ఏడు చలికాలంలో తల్లి మంచె ఎక్కడం మానేసింది. మంచాన పడిందని కబురొచ్చింది. హెర్మీన గోడ దాటే అనుమతి కోసం కాళ్లరిగేలా తిరిగింది, ఇవ్వలేదు. అప్పుడు ఎల్‌ఫ్రీడె ఓ మనిషి చేత ఇంకో కబురు పంపింది. గోడ కింద సొరంగం తవ్వుతున్నారు, మా పక్క వీధిలో ఒక ఇంటి నేలమాళిగలో తేలుతుంది, వచ్చేట్టయితే చెప్పిన రోజు పొద్దున ఎర్ర రజాయి కిటికీకి వెయ్యమంది. హెర్మీన ఈ మాట మొగుడికి తప్ప పురుగుక్కూడా చెప్పలేదు. లోథార్ కళ్లనీళ్లు పెట్టుకుని, ముందు నువ్వెళ్లి మీ అమ్మను చూసుకో, నేను తర్వాతి విడతలో వస్తానన్నాడట. ఇవన్నీ తర్వాత ఆ నోటా ఈ నోటా విన్నవే. ఆ రోజు నాకేం తెలుసు?

మధ్యాహ్నం ఆ నేలమాళిగ మెట్ల దగ్గర పోలీసులు కాచుకుని ఉన్నారు. హెర్మీనకు మూడేళ్ల జైలు. తల్లి ఆ ఏడాదే పోయింది.

వీధిలో కాపలావాడు నా కేక విని ఆరా తీశాడని ఇంట్లో అన్ని వాటాలవాళ్లూ తేల్చేశారు. ఆ మాట మొదట అన్నది లోథారే. నెలనెలా కేకు పట్టుకుని జైలుకెళ్లేవాడు, మొగుడంటే అతనేనని ఆడవాళ్లు మురిసిపోయేవాళ్లు. హెర్మీన విడుదలై వచ్చాక మెట్ల మీద ఒక్కసారే నాతో మాట్లాడింది. "మా అమ్మను నీ నోరే పొట్టన పెట్టుకుంది" అంది. అంతే, మళ్లీ నా మొహం చూడలేదు. నిజమేనేమో అని నాకూ అనిపించేది. ముసురు పట్టిందంటే ముద్ద దిగేది కాదు.

మా దగ్గర ఆడదానికి అరవై నిండి పింఛనొస్తే గోడ దాటి చుట్టాలను చూసి రావచ్చు. ముసలివాళ్లు తిరిగి రాకపోతే సర్కారుకి పింఛను మిగిలినట్టే. మగవాడికైతే అరవై అయిదు. అరవై నిండిన మర్నాడే హెర్మీన పెట్టె సర్దుకోవడం మొదలెట్టింది. మా మధ్య గోడలు ఉత్త అట్టముక్కలు, అంతా వినబడింది. లోథార్ ముందు బతిమాలాడు, తర్వాత గదమాయించాడు. చివరికి నోరు జారాడు.

"అప్పుడు ఆపినవాణ్ణి ఇప్పుడు ఆపలేననుకున్నావా?"



"నువ్వా?" అంది హెర్మీన.

"వెళ్తే తిరిగొచ్చేదానివా? నేనేమైపోవాలి? ఊరికే భయపెట్టి వదిలేస్తామన్నారు పోలీసులు."

"మా అమ్మ నాకోసం చూసి చూసి పోయింది, లోథార్."

కంచే చేను మేసింది. నామీద నింద పడుతుంటే ఆ పాపాత్ముడు ఇన్నేళ్లూ నోరు మూసుకుని కూచున్నాడు. హెర్మీన పెట్టెతో బయటికొచ్చి నా గుమ్మం ముందు కాసేపు ఆగింది. తలుపు కొట్టలేదు. నేనూ తియ్యలేదు, నా పంతం నాది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆదివారం ముసురు పట్టింది. మంచె మీద హెర్మీన ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో వాళ్లమ్మ గొడుగు. పక్క కిటికీలో లోథార్ మసిగుడ్డ తెగ దులుపుతున్నాడు. హెర్మీన అటు కన్నెత్తి చూడలేదు. నా కిటికీ వైపు తిరిగి గొడుగు మూసింది, తెరిచింది. మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది. నాకు ఏడుపు ఆగలేదు.

మంచం మీద రజాయి లాక్కొచ్చి వానలో కిటికీకి వేశాను. కింద కాపలావాడు తలెత్తి, వానలో ఇదేం పని అవ్వా అన్నాడు.

"నా రజాయి, నా ఇష్టం" అన్నాను.