సలోమికి నేను పెట్టిన పత్తెం

పోయిన నెల దవాఖానల డాక్టరమ్మ ముందు నా పరువు నేనే తీసుకున్న. అందుల ఇంకెవరి చెయ్యీ లేదు. చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వుండ్రి గానీ, మా సలోమి ముందు మాత్రం నవ్వకుండ్రి.

సలోమి నా భార్య. ఎయిర్‌పోర్టుల హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. నేను క్యాబ్ నడుపుత, శంషాబాద్ దగ్గర సాతంరాయిల ఉంటం. పోయినేడు డ్యూటీల కండ్లు తిరిగి పడ్డది. టెస్టులు చేసి సీలియాక్ అనే జబ్బన్నరు. గోధుమ పడదట. అది లోపలికి పోతే రక్తంల తెల్లకణాలు శత్రువొచ్చిందని రేగి, ఆమె పేగుల మీదనే పడి కొడతయట. చపాతి, బన్ను, బిస్కెట్ అన్నీ బంద్. చిటికెడు పోయినా అవి ఊకోవని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

ఆమెది పొద్దుగాల డ్యూటీ. అందుకే వంట నేను పట్టిన. అన్నం, పప్పు, చారు, జొన్నరొట్టె. ఇంట్ల గోధుమపిండి డబ్బానే లేకుంట చేసిన. నా అసొంటి మొగుడు శంషాబాద్ మొత్తంల లేడని నాకు గట్టి నమ్మకం!

అయినా కడుపుబ్బరం తగ్గలే. మనిషి సన్నగైతనే ఉన్నది. మళ్ల రక్తం తీస్తే, తెల్లకణాలు ఇంకా కొట్లాడుతనే ఉన్నయి, ఎక్కడనో గోధుమ తగులుతున్నదన్నరు. గిట్లనే ఉంటే డ్యూటీ మానాల్సొస్తదని గూడ అన్నరు. నా వంటల గోధుమ ఎట్లుంటది? ఇగ అనుమానం ఆమె మీదికి పోయింది. స్టాఫ్ క్యాంటీన్‌ల సమోసాలుంటయి కదా.

ఒకనాడు ఆమె స్నానానికి పోయినప్పుడు బ్యాగు వెతికిన, బిస్కెట్ పొడి గిట్ల దొరుకుతదేమోనని. తలెత్తి చూస్తే ఎదురుంగ నిలబడి ఉన్నది.

“ఎయిర్‌పోర్టోళ్లకు నేనెవరో తెల్వదు, దినాం బ్యాగు చెక్ చేస్తరు. నీకు గూడ తెల్వదా?”

అప్పుడన్న నోరు మూసుకోవాలె. చాటుకు తినకపోతే ఎందుకు తగ్గదన్న. ప్రభువు సాక్షిగ ఏం తినలేదని ఏడ్సింది. నేను నమ్మలే.

తర్వాత బుద్వేల్ దిక్కున్న దవాఖానకు ఇద్దరం పోయినం. ఇంట్ల ఏం వండుతరని డాక్టరమ్మ అడిగింది. నేను ఛాతీ విరుచుకొని షురూ చేసిన. పప్పు గిట్ల, చారు గట్ల. మా ఇంట్ల ఎన్నడూ వాడని ఇంగువ గూడ తెచ్చిన, ఉబ్బరానికి మంచిదంటరని. ఉబ్బరం పెరిగినకొద్ది ఇంగువ గూడ పెంచిన. గొప్పగ చెప్పుకుంటనే పోతున్న.

డాక్టరమ్మ రాసుడు ఆపింది. “ఏ ఇంగువ?”

“డబ్బాల వచ్చే పొడి, మేడం. మంచి కంపెనీది.”

“ఆ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుపుతారండి.”

మందని చెప్పి దినాం నా చేతులతోనే విషం పెట్టిన. అది చాలదన్నట్టు ఆమెనే దొంగను చేసిన. సలోమి నా దిక్కు సుత చూడలే. ఇంటికొచ్చినంక తప్పైందన్న, నిన్ను నమ్మకపోవుడు పెద్ద పాపమన్న.

“మాఫ్ చేసిన,” అన్నది. “కానీ ఇగ నీ చేతి వంట మాత్రం తిన.”

ఇప్పుడు వంట ఆమెదే. ఉబ్బరం తగ్గుతున్నది, మొఖం జర తేటపడ్డది. వంటింట్ల నాకు ఉల్లిగడ్డలు కోసే పని ఒక్కటే ఇచ్చింది. మంచిదే అయింది. కండ్లల్ల నీళ్లు ఎందుకొస్తున్నయని ఎవ్వరూ అడగరు.