గంజి పెట్టని చొక్కాలు

చిన్న దీవిలోని సెయింట్ జార్జెస్ రేవులో ఓడ ఆగిన ప్రతిరోజూ గైడు ఎల్వర్డ్ మూసిన గొడుగు పైకెత్తి యాత్రికుల ముందు నడుస్తాడు. కోటలో ఫిరంగిని ఓసారి తడతాడు, చర్చి ముందు టోపీ తీస్తాడు, చివరికి కొండవాలులో పచ్చ కిటికీల ఇంటి దగ్గర గొంతు తగ్గిస్తాడు. "తెల్లదొరల కాలంలో ఇక్కడ బట్టలుతికే ఆవిడ ఉండేది. 'ఏయ్' అనడం మాని పేరు పెట్టి పిలిచేదాకా జడ్జిదొర చొక్కాలకు గంజి పెట్టనంది. ఆయన వేలాడే కాలరుతోనే తీర్పులు చెప్పాడు."

మొన్న ఒక పెద్దాయన, "పాపం, ఆవిడ ఎప్పుడు పోయింది?" అనడిగాడు.

కిటికీలోంచి ఎల్వర్డ్ తల్లి తల బయటపెట్టింది. "నేనెక్కడికీ పోలేదు నాయనా. ఆ దొరే ఓడెక్కి పోయాడు గానీ, పేరు పెట్టి మాత్రం పిలవలేదు. ఒరే ఎల్వర్డూ, రొట్టె తెస్తానన్నావు, ఏదిరా?"

యాత్రికులందరూ ఆమెను ఫొటో తీసుకున్నారు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.