మా వదిన ఫ్లాస్కు, వియ్యపురాలి కమలాపండు

మా వదినకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఆమె వెనకాల అనడం లేదు. ఆమె టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఆమె పోసిన టీ తాగుతూనే చాలాసార్లు అన్నాను. "అవునే, నాకు కుళ్ళే. మధ్యలో నీకేం నొప్పి?" అంటుంది. ఆడపడుచుని కాబట్టి ఆ మాత్రం అనే హక్కు నాకుంది. తిరిగి నాలుగు అంటించే హక్కు ఆమెకుంది.

కొట్టు బస్సు డిపో గోడ పక్కన. మా అన్నయ్య పోయాక ఆ కొట్టు మీదే కూతుర్ని పెంచింది. తెల్లవారకముందే స్టవ్ వెలిగించి, టీపొడి నల్లగా మరిగేదాకా అక్కణ్ణుంచి కదలదు. ఆమె టీ గొంతులో పడనిదే డ్రైవర్లు స్టీరింగ్ పట్టుకోరు. ఆమెకు తెలిసిన మందు కూడా అదొక్కటే. తలనొప్పికి టీ, జలుబుకు టీ, కూతురు పరీక్ష తప్పితే టీ, కూతురికి స్నేహితురాలితో మాటలు లేకపోతే టీ.

ఆ కూతురే నా మేనకోడలు. పెళ్ళయ్యాక రెండు వీధుల అవతల అత్తగారింట్లో ఉంటోంది. బట్టల దుకాణంలో పని. రోజంతా నిలబడి మడతలు విప్పడం, మళ్ళీ మడవడం. ఒకరోజు మడత పెడుతూనే కళ్ళు తిరిగి ఆ బట్టల మీదే పడిపోయింది. ఆరోగ్యకేంద్రంలో చూపిస్తే, ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పి ఐరన్ మాత్రలు రాశారు. మళ్ళీ పరీక్షకు పెరగకపోతే నరానికి సూది గుచ్చి మందు ఎక్కించాలన్నారు. అందాకా దుకాణం గడప తొక్కొద్దన్నారు.

ఇక మొదలైంది మా వదిన కడుపుమంట.

పిల్లను చూసుకోవాల్సింది వియ్యపురాలాయె. ఆవిడ ఒక హాస్టల్లో వంట చేసి ఈమధ్యే మానేసిన మనిషి. గొంతు పెంచి మాట్లాడదు, అదొక్కటి చాలు మా వదిన ఒళ్ళు మండడానికి. ఆవిడ కమలాపండు తీసుకుని, తొక్క తెగకుండా చుట్టూ ఒలిచి, తొనల్లో గింజలు తీసి, చిన్న స్టీలు పళ్ళెంలో పేర్చి కోడలి చేతికిచ్చేది.

"అత్తయ్య ఒలిస్తే ఒక్క గింజ కూడా తగలదమ్మా," అంది పిల్ల ఒకసారి, అమాయకంగా.

మా వదిన అప్పుడు నవ్వింది. కొట్టుకు తిరిగొచ్చాక గిన్నెలన్నీ ఠంగుఠంగుమన్నాయి. "ఒక్క గింజ తగలదటే! ఇన్నేళ్ళూ నేను దీనికి గింజలే పెట్టి పెంచానా? పండు ఒలవడం కూడా ఒక విద్యేనా?"

"నువ్వూ కొనుక్కెళ్ళి ఒలువు వదినా, ఎవరొద్దన్నారు?"

"ఆవిడ చేసిన పనే నేనూ చెయ్యాలా?"

చెయ్యలేదు. కొట్టు ఒక పూట ఇంకొకరికి అప్పగించి మరీ రోజూ పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళేది. మాత్ర ఇనుము వాసన కొడుతోందని పిల్ల ముఖం చిట్లిస్తే, వేడి టీతో గుటుక్కున మింగించేది. "మా అమ్మ టీతో అయితే దిగిపోతుంది," అనేది పిల్ల. అప్పుడు మా వదిన వియ్యపురాలి వైపు చూసే చూపు చూడాలి! ఒకసారి ఆవిడ పొద్దున్నే పండు పళ్ళెం తెచ్చి పెట్టబోతే, మా వదిన దాన్ని పక్కకు జరిపేసింది.

"టీ తాగాక పులుపా? పాలు కడుపులో విరిగిపోవూ? సాయంత్రం పెట్టుకోండి మీ పళ్ళు."

"అలాగే వదినగారూ," అందావిడ. పండు సాయంత్రానికి మారింది. పొద్దుట పూట మా వదిన సొంతమైంది.

రెండో పరీక్షలో రక్తం పిసరంత కూడా పెరగలేదు. పిల్ల పెదాలు పాలిపోయి ఉన్నాయి. నలుగురం ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మ ముందు కూర్చున్నాం. మా వదిన ఊరుకుంటేనా? "ఆ కమలాపండు పులుపేనమ్మా, రక్తాన్ని విరగ్గొడుతోంది," అంది.

నర్సమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "మాత్ర దేనితో వేసుకుంటున్నావు తల్లీ?" అని అడిగింది.

పిల్ల తల వంచుకుంది. నసిగింది. "టీతో..."

"అదీ సంగతి! టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఎన్ని మాత్రలు మింగినా బూడిదలో పోసినట్టే. కమలాపండు దానికి పూర్తిగా ఎదురు. పండుతోనే రక్తం వచ్చెయ్యదు గాని, అందులో ఉన్న సి విటమిన్ మాత్రలోని ఇనుమును, ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. రసం తీసి వడకట్టొద్దు, తొనల్లాగే తిను, పీచు కూడా దొరుకుతుంది. ఇంతకీ టీతో వేసుకోమన్నదెవరు?"

మా వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు. పిల్ల నోరు విప్పేలోపల వియ్యపురాలు అందుకుంది.

"నేనేనండీ. నాకు తెలియక నేనే టీతో ఇస్తున్నాను."

ఇంకొకరైతే ఊపిరి పీల్చుకునేవారు. మా వదినా? కుర్చీలోంచి దిగ్గున లేచింది. నేను ఆమె ముఖం చూశాను. పండు ఆవిడదే, పిల్ల మెప్పూ ఆవిడదే, ఇప్పుడు తప్పు కూడా ఆవిడే పట్టుకుపోతోందన్న ఉక్రోషం తప్ప అక్కడ ఇంకేం లేదు.

"అబద్ధం! టీ నాది, ఫ్లాస్కు నాది, నా చేత్తో నేనే తాగించాను. ఈవిడకేం సంబంధం?"

అని, అక్కడే కూలబడి ఏడ్చేసింది. పిల్ల వచ్చి భుజం పట్టుకుంటే ఇంకా ఏడ్చింది.

బయటికొచ్చాక వరండా బల్ల మీద కూర్చోబెట్టాం. కళ్ళు తుడుచుకుని నేరుగా వియ్యపురాలి మీదికి వెళ్ళింది. "నా తప్పు మీ నెత్తిన ఎందుకు వేసుకున్నారు? నా ముందు గొప్ప అనిపించుకుందామనేనా?"

ఆవిడ మెల్లగా అంది. "తప్పు మీదని తేలితే మీరు పొద్దున్నే రావడం మానేస్తారని. వీధి మలుపులో మీ చెప్పుల చప్పుడు వినబడగానే పిల్ల లేచి కూర్చుంటుంది వదినగారూ. నేను ఎన్ని పళ్ళు ఒలిచినా అలా లేవదు. చూసి ఎన్నిసార్లు ఉడుక్కున్నానో. అయినా మీరు రాకపోతే అసలు లేవదేమోనని భయం."

వాళ్ళు రిక్షా ఎక్కి వెళ్ళేదాకా మా వదిన ఆగింది. ఆ తర్వాత నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపింది.

"విన్నావటే? ఆవిడకి నేనంటే కుళ్ళట!"

మా అన్నయ్య పోయాక ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

మర్నాడు పొద్దున ఫ్లాస్కు లేకుండా బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. ఆ వీధి మలుపు తిరగ్గానే చెప్పులు కాస్త గట్టిగానే ఈడ్చింది. లోపలికెళ్ళేసరికి పిల్ల లేచి కూర్చుని ఉంది. అది వియ్యపురాలు చూసిందో లేదో అని మా వదిన ఓరకంట చూసుకుంది.

"ఇవాళ నేనొలుస్తాను," అని పళ్ళెంలోంచి పండు లాక్కుంది. తొక్క ముక్కలుముక్కలుగా ఊడింది. రసం మోచేతిదాకా కారింది. పిల్ల మాత్ర మింగి, తొన నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"అమ్మా, గింజ!"

"ఉంటే ఉమ్ము," అంటూ దోసిలి పట్టింది మా వదిన. పిల్ల నవ్వుతూ ఆ దోసిట్లో ఉమ్మింది. మా వదిన ఆ గింజను వియ్యపురాలికి కనబడేలా పట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది.